ఆపరేషన్ ముందు బీపీ మాత్ర: ఆపడమా, వేసుకోవడమా?

"ఖాళీ కడుపుతో రమ్మన్నారు, మరి బీపీ మాత్ర సంగతి?" ఆపరేషన్ ముందు రాత్రి చాలామందికి పట్టుకునే టెన్షన్ ఇది. జవాబు మాత్ర రకాన్ని బట్టి మారుతుంది.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటివైతే నిజంగానే రెండు వైపులా వాదన ఉంది. వేసుకుంటే మత్తులో బీపీ బాగా పడిపోయే అవకాశం ఎక్కువ. అప్పుడు మత్తు డాక్టరు ఇంకో మందు ఇచ్చి దాన్ని పైకి తేవాలి. 24 గంటల ముందే ఆపితే ఆ బెడద తగ్గుతుంది గానీ, బీపీ కాస్త పెరగొచ్చు. ఫ్రాన్స్‌లో 2,222 మందిపై చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో మరణాలు, పెద్ద సమస్యలు మాత్ర ఆపినవారిలోనూ, ఆపనివారిలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. మత్తులో బీపీ పడిపోవడం మాత్రం మాత్ర ఆపనివారిలోనే ఎక్కువ. అందుకే, కేవలం బీపీ కోసం వాడేవారి విషయంలో నా మొగ్గు ఆపడం వైపే. గుండె బలహీనతకు వాడేవారి లెక్క వేరు. వాళ్లను వేసుకోమనే చెప్పవచ్చు.

మెటోప్రొలాల్, అటెనొలాల్ దగ్గర ఇంత తర్జనభర్జన లేదు. ఎప్పటినుంచో వాడుతుంటే ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. హఠాత్తుగా మానేస్తే గుండెదడ, ఛాతీనొప్పి రావచ్చు. క్లోనిడిన్ కూడా అంతే, హఠాత్తుగా మానేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు. ఆమ్లోడిపిన్ సాధారణంగా ఆపరు.

ఏదైనా సొంతంగా తేల్చుకోకుండా, మాత్రల షీటు మత్తు డాక్టరుకు చూపించండి. ఆపిన మాత్ర డిశ్చార్జ్ కాగితంలో కనిపించకపోతే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అక్కడే అడగండి. చాలామంది మర్చిపోయేది ఇదే.