పర్లాకిమిడి బజారులో దొరికే సేంద్రియ పురుగుమందులు: పెరటి తోటలో వాడి చూశాక

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాలలో ఇప్పుడు రసాయన మందుల పక్కనే వేపనూనె సీసాలు, పసుపు రంగు జిగురు అట్టలు, పురుగులను ఆకర్షించి పట్టే ఎర బుట్టలు, పురుగులను చంపే బవేరియా అనే శిలీంధ్రపు పొడి పొట్లాలు కూడా కనిపిస్తున్నాయి. ఒకే దుకాణంలో ఈ నాలుగూ కొని, వంగ, బెండ, ఆనప, కాకర ఉన్న మా పెరట్లో ఒక పంటకాలమంతా వాడాను. సరుకు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అమ్మే తీరు మీద ఉంది కనుక దుకాణం పేరు రాయకుండా, ఏది దేనికి పనికొచ్చిందో, కొనేటప్పుడు ఏమేమి చూసుకోవాలో మాత్రమే రాస్తున్నాను.

అందరూ ముందుగా అడిగేది వేపనూనె. ఇందులో గానుగలో ఆడించిన ముడి నూనె ఒక రకం, వేపలో పురుగుల మీద పనిచేసే అజాడిరక్టిన్ అనే పదార్థం ఎంత ఉందో పీపీఎంలలో (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో) ముద్రించిన కంపెనీ మందు మరో రకం. గాజు గ్లాసులో నీళ్ళు పోసి కొన్ని చుక్కలు వేస్తే తేడా కంటికే తెలుస్తుంది. కంపెనీ మందు పడగానే నీరంతా తెల్లబడి కలిసిపోతుంది, ముడి నూనె మాత్రం పసుపుపచ్చని బొట్లుగా పైనే తేలుతూ ఉంటుంది. ముడి నూనెను సబ్బు నీటితో బాగా గిలకొట్టి కలపకపోతే ఒక మొక్కకు ఉత్త నీరు, మరో మొక్కకు చిక్కటి నూనె పడి లేత ఆకులు మాడిపోతాయి. ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పరు.

సీసా మీది అంకెను కూడా చూడాలి. 300, 1500, 3000, 10000 పీపీఎం అని రకరకాల సీసాలు పక్కపక్కనే ఉంటాయి, ధరలోనూ తేడా ఉంటుంది. 1500 పీపీఎం మందును లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కలపడం వాడుకలో ఉన్న మోతాదు. అదే లెక్కను మిగిలిన సీసాలకూ వర్తింపజేయకుండా, ఏ సీసా మోతాదు ఆ సీసా కరపత్రంలోనే చూసుకోవాలి. మేము కొన్న సీసాతో వచ్చిన కరపత్రంలో ఒడియాతో పాటు తెలుగు కూడా ఉంది కానీ, ఆ అక్షరాలు చదవడానికి సూదిలో దారం ఎక్కించగల కళ్ళు కావాలి.

సాయంత్రం పిచికారీ చేసి తెల్లారేసరికి పురుగులు చచ్చి రాలిపోవాలని కోరుకునేవారికి వేపనూనె నచ్చదు. అది పురుగుకు ఆకు మీద రుచి పోగొడుతుంది, పిల్ల పురుగు కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుపడుతుంది. కాబట్టి ఫలితం మెల్లగానే వస్తుంది. మా బెండ ఆకుల అడుగున చేరిన పేనుబంక, పచ్చదోమ విషయంలో అది సంతృప్తికరంగా పనిచేసింది. అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది కనుక సాయంత్రమే కొట్టాలి, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. అయితే ఆనప పువ్వు విచ్చుకునేది కూడా సాయంత్రమే. పాదు మీద కొట్టేటప్పుడు పూలను తప్పించడం మంచిది.

వంగ మొక్కకు వచ్చే అసలు బెడద వేపనూనెకు లొంగేది కాదు. కొమ్మ చివర వాడి తలవాల్చినప్పుడు దాన్ని తుంచి చీల్చి చూస్తే లోపల గులాబీ ఛాయలో చిన్న పురుగు కనిపిస్తుంది. కొమ్మనూ కాయనూ తొలిచే ఆ పురుగు ఒకసారి లోపలికి చేరాక పైన కొట్టే మందు దానికి తగలదు. వాడిన కొమ్మలను ఎప్పటికప్పుడు తుంచి కాల్చివేయడం, పుచ్చు కాయలను చెట్టున ఉంచకపోవడం, ఈ రెండూ ఏ సీసా కన్నా మేలు చేశాయి. ఈ పురుగు కోసం అమ్మే ఎర బుట్టలో మగ రెక్కల పురుగులు మాత్రమే పడతాయి. నాలుగైదు మొక్కలున్న పెరట్లో అది ఉధృతి తెలుసుకోవడానికి పనికొస్తుంది తప్ప, దానితోనే పంట దక్కుతుందని అనుకోలేము.

ఇక అసలు ఫిర్యాదు. ఆనప, కాకర పిందెల మీద పండు ఈగ గుచ్చిన చోట బంక బొట్టు కట్టి, కాయ వంకరపోయి కుళ్ళుతోందని స్పష్టంగా చెప్పి ఎర అడిగితే, ఆ దుకాణంలో మిథైల్ యూజినాల్ ఎర చేతిలో పెట్టి, “అన్ని ఈగలకూ ఇదేనమ్మా, తీసుకెళ్ళండి” అన్నారు. అది మామిడి, జామ తోటల్లోని పండు ఈగలకు పెట్టే ఎర. పాదు జాతి కూరగాయలను పాడుచేసే ఈగ క్యూ లూర్ అనే ఎరకు వస్తుంది. బుట్టలు చూడడానికి ఒకేలా ఉంటాయి కనుక, లోపలి బిళ్ళ మీద ఏ పేరు ఉందో చదివి మరీ కొనాలి. సరైన ఎర పెట్టాక కూడా రాలిన కాయలను ఏరి నాశనం చేస్తూ, పాదు కింది మట్టిని అప్పుడప్పుడు తిరగేస్తూ ఉండవలసిందే, ఎందుకంటే లోపలి పురుగు కాయ విడిచి కోశస్థ దశకు (ఈగగా మారే ముందు దశకు) మట్టిలోకే దిగుతుంది.

జిగురు అట్టలు తెల్లదోమకు బాగా పనిచేశాయి. బెండలో ఈనెలు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులును మొక్క నుంచి మొక్కకు మోసేది ఈ దోమే కాబట్టి, మొక్కలు చిన్నగా ఉన్నప్పుడే, వాటి తలకు కొంచెం పైన అట్టలు కట్టాలి. తామర పురుగులకైతే నీలం అట్టలు వేరే ఉన్నాయి. దుమ్ము పట్టాక జిగురు ఉన్నా లాభం లేదు.

బవేరియా పొడిని మాత్రం ఆ దుకాణంలో కొనవద్దనే చెబుతాను. అది ప్రాణమున్న శిలీంధ్రం. చల్లని చోట ఉంచవలసిన పొట్లాలను రేకుల కప్పు కింద పై అరలో, శిలీంధ్రాలను చంపే మందుల పక్కన పేర్చారు. తయారీ తేదీ గడువులోనే ఉన్నా, అంత వేడిలో ఉన్న పొడిలో ప్రాణం ఎంత మిగిలి ఉంటుందో ఊహించవచ్చు. గజపతి జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం ఆర్.ఉదయగిరిలో, సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లాది ఆమదాలవలసలో ఉన్నాయి. ఇలాంటి జీవ మందులు ఎక్కడ నమ్మకంగా దొరుకుతాయో అక్కడ అడిగి తెలుసుకోవడం మేలు.

ఒక మాట ఆ దుకాణం వారి తరఫున కూడా చెప్పాలి. మిథైల్ యూజినాల్ ఎరను పట్టుకెళ్ళి పేరు చూపించి అడిగితే పేచీ పెట్టకుండా వెనక్కి తీసుకున్నారు, క్యూ లూర్ తెప్పించి ఇచ్చారు. వేపనూనె, జిగురు అట్టలు మళ్ళీ అక్కడే కొంటాను.