ఎన్‌గ్రేవర్ డబ్బాలో ఉచితంగా వచ్చే కళ్లద్దాలు పనికొస్తాయా?

డయోడ్ లేజర్ ఎన్‌గ్రేవర్ (లేజర్ కిరణంతో చెక్క లాంటి వాటి మీద బొమ్మలు చెక్కే యంత్రం) కొంటే చాలావరకు డబ్బాలోనే ఒక జత ఆకుపచ్చ ప్లాస్టిక్ కళ్లద్దాలు కూడా పెట్టి ఇస్తారు. వాటి మీద ఎన్ని నానోమీటర్ల కాంతికి (అంటే ఏ తరంగదైర్ఘ్యానికి), ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అద్దం కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అన్నది అచ్చు వేసి లేకపోతే పక్కన పెట్టేయండి. ఒకేలా కనిపించే రెండు ఆకుపచ్చ అద్దాల్లో ఒకటి నీలి కాంతిని ఆపొచ్చు, రెండోది వదిలేయొచ్చు.

ఈ యంత్రాల కిరణం 445–455 నానోమీటర్ల నీలి కాంతి. ఓడీ ఒక అంకె పెరిగితే అద్దం దాటే కాంతి పదో వంతుకు పడిపోతుంది. 10 వాట్ల కిరణం ఓడీ 4 ఉన్న అద్దం దాటి వస్తే 1 మిల్లీవాట్ మిగులుతుంది. రెప్ప పడేలోగా కన్ను తట్టుకునే హద్దు అదే. 20 వాట్లకైతే ఓడీ 5కు తగ్గకూడదు. కిరణం తగిలితే అద్దం కరగకుండా కాసేపు నిలబడుతుందా అన్నది ఓడీ చెప్పదు. దానికి ఈఎన్ 207 అనే యూరప్ ప్రమాణం, అందులోని ‘ఎల్‌బీ’ అంకె చూడాలి.

డబ్బు పెట్టి కొనేటప్పుడు నారింజ రంగు అద్దం, పక్కలు కూడా మూసుకునే ఫ్రేమ్ తీసుకోండి. పవర్ కళ్లద్దాలు ఉంటే వాటి మీద పట్టే రకం అడగండి. స్టీలు, అల్యూమినియం మీద పడి తిరిగొచ్చే కిరణం ఎక్కువగా పక్కల ఖాళీల్లోంచే కంటికి చేరుతుంది. కూలింగ్ గ్లాసెస్ మాత్రం వద్దే వద్దు: చీకటికి కంటిపాప పెద్దదవుతుంది, లేజర్ మాత్రం లోపలికి వచ్చేస్తుంది.

అద్దంలోంచి చెక్క మీద నారింజ చుక్క కనబడితే కంగారు అక్కర్లేదు. అది లేజర్ కాదు, చెక్క వెలిగే వెలుగు. నీలి చుక్కే కనబడితే వెంటనే ఆపేయండి. అనుమానం తీర్చుకోవడానికి కన్ను పెట్టి చూడొద్దు; ఫోకస్ తప్పించి, తక్కువ పవర్‌లో, అద్దం వెనక పవర్ మీటర్ పెట్టి కొలవాలి.

వేరే రకం యంత్రాల్లో ఫైబర్ లేజర్ కాంతి 1064, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ కాంతి 10,600 నానోమీటర్లు. నీలి కాంతి జత వాటికి సరిపోదు. 1064 కంటికి కనబడదు కాబట్టి రెప్ప కూడా పడదు.

ఎంత మంచి జతైనా పెట్టుకున్నవాళ్లనే కాపాడుతుంది. గదిలో పిల్లలు, పిల్లి తిరిగే ఇంట్లో ముందు కొనాల్సింది మూత తీస్తే లేజర్ ఆగిపోయే పెట్టె.

అద్దాన్ని సబ్బునీళ్లతో కడగండి, అసిటోన్ తగలనీయకండి. లోతు గీత పడితే మార్చేయండి.