ఒకే సినిమా, రెండు హాళ్ళు, మా పిన్ని

వరంగల్ వెళ్ళినవాళ్ళు ఎక్కువగా రాళ్ళు చూసి వస్తారు. తప్పు పట్టడం లేదు, అవి చూడదగ్గ రాళ్ళే. కోటలో కీర్తితోరణాలు, హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి, ఇంకాస్త దూరం పోతే 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప. నేనూ ఇదివరకు ఆ దారినే తిరిగాను. ఈసారి మాత్రం ఈ ఊరి జనం సాయంత్రాలు ఎలా గడుపుతారో, దేనికి నవ్వుతారో చూద్దామని బయలుదేరాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. వినుకొండ వల్లభరాయుడి పాతకాలపు వీథి నాటకం 'క్రీడాభిరామం' ఉన్నదే అందుకు. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు, జక్కుల పాటలు, ఏదీ వదలకుండా చూస్తారు. చూసిన ప్రతిదాని మీదా ఓ మాట విసురుతారు. పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు ఏమేమి వడ్డిస్తారో కూడా అందులో ఉంది. భోజనం, వినోదం, మనుషులు అన్నీ తూచి చెప్పిన పుస్తకం కనుక ఇలాంటి యాత్రలు రాసే మా అందరికీ ఆ కవే పెద్దదిక్కు. నాకు టిట్టిభ సెట్టి లేడు, పిన్ని ఉంది.

పిన్ని వాళ్ళది కాజీపేట. బాబాయి రైల్వేలో చేసి రిటైరయ్యారు. సికింద్రాబాదు నుంచి కాజీపేటకు రైల్లో 132 కిలోమీటర్లు, ఉప్పల్ నుంచి బస్సులకూ లోటు లేదు. అక్కడి నుంచి హనుమకొండ, వరంగల్ రెండూ షేర్ ఆటోల దూరమే. పేరుకు మూడు ఊళ్ళు కానీ కలిసిపోయి ఒకటే అయ్యాయి. అయితే పిన్ని ఇంటికి అప్పుడే రంగులు వేయిస్తున్నారు. మంచాలు వరండాలో, వంటసామాను పెరట్లో. కాబట్టి రాత్రి బస నేను చూసుకోవలసి వచ్చింది.

మొదట వరంగల్ స్టేషనుకు దగ్గర్లో ఓ లాడ్జి తీసుకున్నాను. గది చవక, దుప్పటి శుభ్రం, టీవీ రిమోటుకు బ్యాటరీలు మాత్రం కౌంటరులో అడిగి తీసుకోవాలి, పొద్దున్నే లెక్కగా అప్పగించాలి. అంతవరకు సరే. సెకండ్ షో చూసి వచ్చేసరికి షట్టరు దించేసి ఉంది. ఫోను చేస్తే లోపల కౌంటరు మీద మోగుతున్న చప్పుడు బయటికే వినపడుతోంది, ఎత్తేవాడు లేడు. పక్కనే టీ బండి సర్దుకుంటున్న పెద్దాయన "అలా కాదు, రూము కావాలని అరవండి" అని సలహా ఇచ్చాడు. అరిచాను. వెంటనే షట్టరు లేచింది. ఖాళీ చేసేదాకా ఆ కుర్రవాడు నన్ను కొత్త బేరంలా మర్యాదగానే చూశాడు.

ఇక సినిమా సంగతి. ఆ వారమే విడుదలైన హాస్యచిత్రం ఒకటి ఉంది. కథ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అందుకే దాన్ని కొలతబద్దగా వాడుకున్నాను. సాయంత్రం హనుమకొండలో ఒక మల్టీప్లెక్సులో పిన్నితో కలిసి, రాత్రి వరంగల్ వైపు ఒక పాత సింగిల్ స్క్రీన్ హాల్లో ఒక్కణ్ణే చూశాను. సినిమా ఒకటే, నవ్వులు మాత్రం ఒకటి కావు.

మల్టీప్లెక్సులో గుమ్మం దగ్గరే కథ మొదలైంది. సంచులు వెతికే యువకుడికి పిన్ని సంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో సర్వపిండి దొరికాయి. బయటి తిండి లోపలికి రానివ్వరు. లోపల పాప్‌కార్న్ ధరేమో టిక్కెట్టును మించిపోయింది. పిన్ని వాదించలేదు. డబ్బా అతని బల్ల మీద పెట్టి, "చల్లారితే బాగుండదు నాయనా" అని మాత్రం చెప్పి లోపలికి వచ్చింది. ఆట అయ్యాక డబ్బా తిరిగి ఇచ్చాడు. తెరిచి చూసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. అతని ముఖం ఎర్రబడింది, పక్కనున్న ఇద్దరు పగలబడి నవ్వారు. ఆ భవనంలో ఆ సాయంత్రం నేను విన్న అసలు నవ్వు అదొక్కటే.

లోపల లోటేమీ లేదని కూడా చెప్పాలి. తెర చక్కగా ఉంది, శబ్దం స్పష్టం, మరుగుదొడ్లు శుభ్రం, లిఫ్టు దగ్గర తోపులాట లేదు. మేము వెనక వరుసలో వాలుకుర్చీలు తీసుకున్నాం. మీట నొక్కితే కాళ్ళు పైకి లేస్తాయి. పిన్ని పావుగంట పడుకొని చూసి, కుర్చీని మళ్ళీ నిటారు చేసుకుంది. ఏమిటి పిన్నీ అంటే, "పడుకొని నవ్వడం నాకు చేతకాదురా, ఏడవమంటే ఏడుస్తాను" అంది. చుట్టూ చూశాను. అందరూ పడుకొనే ఉన్నారు. హాస్యం వచ్చినప్పుడు ముక్కుతో చిన్న శబ్దం చేసి ఊరుకుంటున్నారు. సగం కుర్చీలు ఖాళీ.

రాత్రి ఆటలో కుర్చీ ముందుకు జరగదు, వెనక్కి వాలదు. ముందు కూర్చున్నాయన తల తెరలో ఓ మూలను ఆక్రమించింది. విరామంలో సమోసా, గోలీ సోడా. కానీ హాలు నిండింది. మొదటి పెద్ద నవ్వుకు తర్వాతి రెండు మాటలు కొట్టుకుపోయాయి. సాయంత్రమే విన్నాను కనుక ఆ మాటలేమిటో నాకు తెలుసు, పోయినా నష్టం లేదు.

అక్కడే నాకొక సంగతి తట్టింది. రంగస్థలం మీద నటుడు నవ్వు ఆగేదాకా నిలబడతాడు. జనం ఎంతసేపు నవ్వితే అంతసేపు ఓ చూపుతోనో, కండువా సర్దుకుంటూనో కాలం గడిపి అప్పుడు తర్వాతి మాట అందుకుంటాడు. సినిమాకు అలా ఆగడం సాధ్యం కాదు. ఎడిటరు తన గదిలో కూర్చొని, ఎక్కడో ఎవరో ఇంతసేపు నవ్వుతారని ముందే ఊహించి ఖాళీ వదలాలి. ఆ ఖాళీ నిండిన హాల్లో చాలలేదు. సగం నిండిన హాల్లో అదే ఖాళీ ఎక్కువై, నటుడు ఏదో మరచిపోయి నిలబడ్డట్టు కనిపించింది. సాయంత్రం "ఈ సీను సాగదీశారు" అనుకున్న సన్నివేశమే రాత్రి పరుగెత్తింది. హాస్యచిత్రాలకు సమీక్షలు రాసేవాళ్ళు ఏ హాల్లో, ఎంతమందితో చూశారో కూడా రాస్తే బాగుంటుంది.

ధరల మాట. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించిన ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్ హాల్లో టిక్కెట్టు 50 నుంచి 150 రూపాయలు, మల్టీప్లెక్సులో 100 నుంచి 250, వాలుకుర్చీలకు ఇంకా ఎక్కువ. దీని మీద జీఎస్టీ అదనం. పెద్ద సినిమాలకు ప్రత్యేక అనుమతులతో పెంచుకుంటూ ఉంటారు. తేడా పెద్దదే. అయినా సింగిల్ స్క్రీన్లు నిలబడటం కష్టంగానే ఉంది. 2024 మే నెలలో వేయడానికి సరైన సినిమాలు లేక రాష్ట్రంలో చాలా హాళ్ళు కొన్నాళ్ళు తలుపులు మూశాయి. హనుమకొండలో అలంకార్ అంటే ఆటోవాళ్ళు మారు ప్రశ్న లేకుండా తీసుకెళ్తారు. హాలు పేరు కూడలికి స్థిరపడటమంటే ఒకప్పుడు ఊరు దాని చుట్టూ ఎంత తిరిగిందో ఊహించుకోవచ్చు.

మర్నాడు పొద్దున భద్రకాళి చెరువు కట్ట. నడకకు మంచి చోటు. ఒక మూల కొందరు పెద్దవాళ్ళు వలయంగా నిలబడి చేతులెత్తి హహ్హహ్హ అంటున్నారు. ఆరోగ్యానికి మంచిదట. పిన్ని కాసేపు చూసి, "పాపం, వీళ్ళకు జోకు చెప్పేవాళ్ళెవరూ లేరా?" అంది.

ఆ మాటకు సమాధానం హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లోనే ఉంది, నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం. నా లెక్కలో ఈ ఊళ్ళో వినోదం కోసం వచ్చేవాళ్ళు మొదట చూడవలసిన చోటు ఇదే. కట్టడం గొప్పదని కాదు, పేరు అటువంటిది. 1932లో వరంగల్‌లో పుట్టిన వేణుమాధవ్ మిమిక్రీని నాలుగు జోకుల మధ్య కాలక్షేపంగా కాక పూర్తి ప్రదర్శనగా నిలబెట్టారు. ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో కన్నుమూశారు. నటుల గొంతులు చాలామంది అనుకరిస్తారు. ఆయన ఇంగ్లీషు సినిమాల యుద్ధసన్నివేశాలను సంగీతంతో, గుర్రపు డెక్కలతో, తుపాకులతో సహా ఒక్క నోటితో వినిపించేవారు. పిన్ని చిన్నప్పుడు చూసిందట. "పాత సినిమాల్లో భక్తుల వేషాలు వేసిన నాగయ్యగారిలా మాట్లాడుతుంటే నవ్వు రాలేదురా, దండం పెట్టాలనిపించింది. ఆ తర్వాత ఆయన మామూలు గొంతుతో నమస్కారం అన్నప్పుడు నవ్వొచ్చింది." అనుకరణలో హాస్యం ఎక్కడ పుడుతుందో ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. ఒకరి గొంతు ఇంకొకరి ముఖంలోంచి రావడం వింత మాత్రమే. అది ఆగి మనిషి మళ్ళీ తానుగా కనబడే క్షణంలో నవ్వు పుడుతుంది.

బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో తెరిచారు. బయటి నుంచి చూస్తేనే ఊరు తన కళలకు ఇన్నాళ్ళకు ఓ ఇల్లు కట్టుకుందనిపిస్తుంది. మేము వెళ్ళిన రోజు అక్కడ మాకు సరిపడే కార్యక్రమం లేదు. ఊళ్ళోనే మరోచోట హాస్యవల్లరి ఉందని తెలిసి అటు వెళ్ళాం. ఉచిత ప్రవేశం. జ్యోతి వెలిగించారు, వేదిక మీదికి పిలిచారు, పిలిచినవాళ్ళ గురించి చెప్పారు, చెప్పినవాళ్ళకు శాలువాలు కప్పారు. కప్పినవాళ్ళకు వేరే శాలువాలు. హాస్యం చెప్పవలసిన కళాకారుడు ఓ చివర కూర్చొని గడియారం చూసుకుంటున్నాడు. చివరికి మైకు అతని చేతికి వచ్చేసరికి హాలులో సగం మంది భోజనాలకు వెళ్ళారు. పాపం అతను మొదటి మాటే "మిగిలినవాళ్ళకు నా తరఫున శాలువా" అన్నాడు. ఉన్న సగం మందీ గట్టిగా నవ్వాం. తక్కువ సమయమే దొరికినా బాగా చేశాడు.

కోటలో సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. పిల్లలున్నవాళ్ళు తప్పక చూపించవచ్చు, తోరణాల మీద రంగుల వెలుతురు బాగుంటుంది. నేను మాత్రం రాజుల కథ వింటూ, ఈ చీకట్లో పొట్టేళ్ళ పందెం ఏ మూల జరిగి ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. వెళ్ళేముందు వేళలు కనుక్కోండి, దోమల మందు మరవకండి.

ఈ ప్రాంతపు హాస్యం హాళ్ళకంటే ముందునుంచీ ఊరి నడిబొడ్డునే ఉంది. చిందు యక్షగానంలో పురాణకథ ఎంత గంభీరంగా నడుస్తున్నా బుడ్డర్‌ఖాన్ అనే హాస్యగాడి వేషం వచ్చి రాజులనూ ఊరి పెద్దలనూ కలిపి ఆట పట్టించి పోతుంది. ఆ కళకు 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్యది పక్కనున్న జనగామ జిల్లా. ఇప్పటి సినిమాకు వస్తే, సిరిసిల్లకు చెందిన హాస్యనటుడు వేణు యెల్దండి 2023లో 'బలగం' తీస్తే ఉత్తర తెలంగాణ ఊళ్ళలో తెరలు కట్టి, చాపలు పరిచి చూశారు. అది చావింటి కథ, కాకి పిండం ముట్టని కథ. అయినా మొదటి సగమంతా నవ్వే. బయటివాళ్ళకు ఇది వింతగా తోచింది కానీ పిన్నికి కాదు. "చావింట్లో నవ్వినంత పెళ్ళింట్లో ఎవరు నవ్వుతారు? పెళ్ళింట్లో పనుంటుంది" అంది.

బసల విషయం తేల్చేస్తాను. లాడ్జి తర్వాత నక్కలగుట్టలో పర్యాటక శాఖవారి హరిత కాకతీయకు మారాను. గదులు విశాలం, ఆవరణ పెద్దది, కాజీపేట వైపూ హనుమకొండ చౌరస్తా వైపూ వెళ్ళడం సులభం. రోడ్డు వైపు గది వద్దనండి, హారన్ల గోల తగ్గుతుంది. రైలు దిగి కోట, భద్రకాళి చూసుకొని రాత్రికే వెళ్ళిపోయేవాళ్ళకు వరంగల్ స్టేషను దగ్గరి లాడ్జీలు చాలు. సినిమాలు, నాటికలు, ఆలస్యపు రాత్రులు కావాలనుకుంటే హనుమకొండలోనే దిగాలి. సెకండ్ షో వదిలాక ఆటోలు పలచబడతాయి, ఉన్నవాళ్ళు అడిగిందే ధర. నడిచి పోగలిగే దూరంలో గది ఉంటే ఆ బేరాల బాధ తప్పుతుంది. భోజనానికి చౌరస్తా చుట్టుపక్కల మెస్సులు నాకు నచ్చాయి, ముఖ్యంగా పప్పు, పచ్చిపులుసు. రూకకు కాదు గానీ, కడుపు నిండా పెట్టారు.

మళ్ళీ డిసెంబరు 28కి వెళ్ళాలని ఉంది. అది వేణుమాధవ్ పుట్టినరోజు, మిమిక్రీ కళాకారులు పండుగలా చేసుకుంటారు. అప్పటికి పిన్ని ఇంటి రంగులు ఆరిపోతాయి కనుక గది ఖర్చు తప్పుతుంది. సినిమా టిక్కెట్లు కూడా తనే కొంటానంది, కుర్చీలు వాలని హాలయితేనే.