హాంకాంగ్‌లో బొమ్మల వేట: మూసిన పెట్టె వద్దు

సంక్రాంతికి కొలువు పెడితే ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలన్నది అమ్మ పట్టింపు. ఈసారి ఆ వంతు నాది. హాంకాంగ్‌లో నాలుగు రోజులు, బొమ్మకని 500 హాంకాంగ్ డాలర్లు, అంటే మన డబ్బుల్లో సుమారు 5,500.

అక్కడికే ఎందుకంటే, 1999లో మైఖేల్ లౌ అనే కళాకారుడు వీధి కుర్రాళ్ళ వేషాల్లో 'గార్డెనర్' బొమ్మలు చేసి ప్రదర్శించింది ఆ ఊళ్ళోనే. పెద్దవాళ్ళకి ఈ బొమ్మల పిచ్చి పట్టించినవాళ్ళలో ఆయనొకరు.

మన పాస్‌పోర్టుకి ముందుగా ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు, ఉచితమే, 14 రోజుల దాకా ఉండొచ్చు. ఎయిర్‌పోర్టు నుంచి ఎ21 బస్సు తిన్నగా నాథన్ రోడ్డు మీదకే వస్తుంది. రైలు కన్నా నిదానం గానీ చవక. ఆ రోడ్డు మీదుండే మోంగ్‌కాక్ పేటలో తీసుకున్న గెస్ట్‌హౌస్ గది మాత్రం ఫొటోల్లో గది, వచ్చి చూస్తే అలమర. సూట్‌కేసు మంచం మీద పెట్టి తెరవాలి, మూసేదాకా నేను నిలబడాలి. బొమ్మలు కొనేవాళ్ళు ఓ వెయ్యి ఎక్కువైనా పెద్ద గదే తీసుకోండి.

మొదటి రోజు ఓ తళతళలాడే షోరూమ్‌కెళ్ళా. అన్నీ బ్లైండ్ బాక్సులే, అంటే లోపల ఏ బొమ్మ ఉందో విప్పేదాకా తెలియని పెట్టెలు. కొబ్బరికాయలో నీళ్ళున్నాయా అని చూసినట్టు జనం పెట్టెల్ని చెవి దగ్గర ఊపుతున్నారు! 12 రకాల సిరీస్‌లో రహస్య బొమ్మ తగిలే అవకాశం మామూలుగా 144కి ఒకటి. నేనూ ఊపా. ఏం తెలిసింది, నా మొహం. విప్పితే నాకు బొత్తిగా నచ్చనిదే వచ్చింది.

మర్నాటి నుంచి ఇన్స్ పాయింట్, సినో సెంటర్ అనే షాపింగ్ భవనాలు. పొద్దున్నే పరుగెత్తకండి, చాలా కొట్లు మధ్యాహ్నం దాటాకే తీస్తారు. అక్కడ నాకు నచ్చింది గళ్ళ కొట్లు. గోడ నిండా చిన్న చిన్న గాజు అరలు, ఒక్కో అర ఒక్కొక్కరు అద్దెకు తీసుకుని తమ బొమ్మలు అమ్ముకుంటారు. పెట్టె విప్పేసి ఉంటుంది కాబట్టి ఏది కొంటున్నామో కళ్ళారా చూసి కొనుక్కోవచ్చు. పెయింట్ ఎక్కడ చెదిరిందో, కాలు సరిగ్గా ఆనుతోందో లేదో తిప్పి చూశాకే డబ్బులిచ్చా.

బేర్‌బ్రిక్ అనే ఎలుగుబంటి బొమ్మ 400 శాతం సైజు మీద మనసుపడ్డా గానీ అది 28 సెంటీమీటర్లు, మా కొలువు మెట్టు మీద పట్టదు. 100 శాతం అయితే 7 సెంటీమీటర్లే, మరీ చిన్నది. కోరపళ్ళ బొమ్మ లబూబూని వీడియో కాల్‌లో చూపించా. "ఆ పళ్ళ దయ్యాన్ని సీతారాముల పక్కన పెడతావుటే?" అంది అమ్మ. (అసలు లబూబూకి తొమ్మిది పళ్ళు. నకిలీలు లెక్క తప్పుతాయి, కొనేముందు లెక్కపెట్టండి.)

చివరికి ఓ మూల అరలో మోలీ కనిపించింది. 2006లో కెన్నీ వాంగ్ సృష్టించిన పిల్ల. పెద్ద కళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. 150 డాలర్లు. రెండు జతల సాక్సుల్లో చుట్టి తెచ్చా.

కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన నిలబెట్టి అమ్మ కాసేపు చూసింది. "ఎవరో ఏదో అన్నట్టు అలిగిందే ఇది. అచ్చం మీ పిన్నే."