ధోలావీరాలో ఇళ్ళు వెతుక్కుంటూ: మేస్త్రీ బాబాయితో ఐదు రోజులు

మా బాబాయి మాచర్లలో నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేశాడు. ఏ ఊరు తీసుకెళ్ళినా గుళ్ళో దేవుడికంటే ముందు గోడ చూస్తాడు. అరచేత్తో తట్టి, ఒక కన్ను మూసుకుని వాలు చూసి, అప్పుడు చేతులు జోడిస్తాడు. చిన్నప్పుడు నన్ను విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు తీసుకెళ్ళిందీ ఆయనే. డ్యామ్ నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా, ఆ లోయనంతా తవ్వారు. కొన్ని కట్టడాలను ఊడదీసి గట్టు మీద మళ్ళీ పేర్చారు. మిగతా ఊరంతా నీళ్ళ కిందే ఉండిపోయింది. "స్తూపాలు ఎక్కించార్రా, మనుషులు పడుకున్న ఇళ్ళు మాత్రం ముంచేశారు" అన్నాడు ఆ రోజు. ఆ మాట నన్ను వదల్లేదు. ఈసారి జనవరిలో ఆయన్ని గుజరాత్ తీసుకెళ్ళాను. సింధు నాగరికత నాటి ఊళ్ళు లోథల్, ధోలావీరాల్లో ఇళ్ళు చూడటానికే.

ముందు లోథల్. అహ్మదాబాద్ నుంచి ఎనభై కిలోమీటర్లు, సరగ్‌వాలా ఊరి పక్కన. బస్సులు మారుతూ వెళ్ళొచ్చు గానీ పెద్దవాళ్ళు తోడుంటే టాక్సీ మాట్లాడుకోవడమే మేలు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు, వారం చూసుకుని బయల్దేరండి. దగ్గర్లో కొత్తగా సముద్రయాన వారసత్వ సముదాయం కడుతున్నారు. దాని లారీల దుమ్ము దారంతా మమ్మల్ని వెంటాడింది.

లోథల్‌కి వచ్చినవాళ్ళంతా మొదట రేవు దగ్గరకే పరిగెడతారు. రెండు వందల మీటర్లు దాటిన పొడవు, ముప్పై ఆరు మీటర్ల వెడల్పు, కాల్చిన ఇటుకతో కట్టిన పెద్ద తొట్టి. 1950ల్లో ఇక్కడ తవ్వించిన ఎస్.ఆర్. రావు దీన్ని ఓడరేవు అన్నాడు. కాదు, సాగునీటి చెరువు అన్నవాళ్ళూ ఉన్నారు. బాబాయి గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. "చెరువైతే దిగడానికి మెట్లుండాలి గదరా, ఇది నిలువు గోడ" అన్నాడు. కాసేపాగి, "ఏమో, మన కంటికి కనపడకుండా ఎన్ని మెట్లు పోయాయో" అని తన తీర్పు తనే కొట్టేశాడు.

ఆయనకు నచ్చింది రేవు కాదు, పక్కనే గిడ్డంగి దిబ్బ. పచ్చి ఇటుకల ఎత్తైన అరుగు మీద మొదట 64 దిమ్మెలుండేవట, ఇప్పుడు పన్నెండు కనిపిస్తాయి. అక్కడ అగ్నిప్రమాదం జరిగింది. ఆ మంటలకు కాలి గట్టిపడబట్టే సరుకు మూటల మీద వేసిన మట్టి ముద్రలు అరవైకి పైగా మిగిలాయి. ముద్ర వెనక తాడు ముడి, చాప నేత అచ్చులు పడి ఉంటాయి. మ్యూజియంలో అద్దానికి ముక్కు ఆనించి చూడాల్సింది ఇవే. ముందు వైపు బొమ్మను అందరూ చూస్తారు. వెనక వైపు మూట ఉంది.

ఇళ్ళ సంగతికొస్తే లోథల్ కొంత నిరాశే. వరదలకు భయపడి వాళ్ళు ప్రతి వీధి వరసనూ పచ్చి ఇటుక అరుగు మీదే లేపారు. ఆ అరుగులు, బావి, స్నానపు గచ్చులు, మురుగు కాలువలు చక్కగా తెలుస్తాయి. గోడలు మాత్రం మోకాలెత్తు. పైగా పై రెండు వరసలు ఎక్కువ చోట్ల ఈ కాలపువే. వానకు కరగకుండా పురావస్తు శాఖ అలా కప్పి కాపాడుతోంది. చేసిన పని సరైనదే. ఏది పాతది, ఏది కొత్తది అన్న గుర్తు పలక ఎక్కడా లేకపోవడమే నా బాధ. బాబాయి మాత్రం వేలితో గీకకుండానే చెప్పేశాడు, సందుల్లో పూసిన మట్టి రంగు చూసి. లోథల్‌కు మూడు గంటలు చాలు. తిండి, నీళ్ళు వెంట తెచ్చుకోండి.

రాత్రి రైల్లో భుజ్. స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం. ఫోన్లో "చెక్ ఇన్ ఎప్పుడైనా పర్లేదు" అన్నవాళ్ళు పొద్దున ఆరింటికి వెళ్తే సగం రోజు అద్దె అదనంగా అడిగారు. గది శుభ్రంగానే ఉంది, అందుకే ఎక్కువ తిట్టను. భుజ్‌లో ఒక పూట ఉంటే భూకంప స్మారకం స్మృతివన్ చూడండి. 2001 జనవరి 26 పొద్దున ఏం జరిగిందో తెలియకుండా ఈ కచ్ ప్రాంతపు ఇళ్ళు అర్థం కావు. ఎందుకో తర్వాత చెప్తాను.

ధోలావీరాకు రెండు దారులు. పాతది రాపర్ మీదుగా, బాగా చుట్టు. కొత్తది ఖావడా నుంచి రణ్ అనే ఉప్పు ఎడారిలో ముప్పై కిలోమీటర్లు సూటిగా. ఖావడా దారికి బేరం కుదుర్చుకున్న డ్రైవరు పొద్దున్నే "ఆ రోడ్డు మూసేశారు సార్, రాపరే" అన్నాడు. ముందు రోజు ఆ దారినే వచ్చిన కుటుంబం మా హోటల్లోనే ఉంది కాబట్టి బతికిపోయాం. కిలోమీటర్ల లెక్కన డబ్బు అడిగేవాళ్ళతో ఏ దారో ముందే తేల్చుకోండి. రెండు పక్కలా ఉప్పు తెల్లగా మెరిసే ఆ రోడ్డు గురించి అందరూ రాశారు, నేను రాయను. పెట్రోలు భుజ్‌లోనే నింపుకోండి, ఖావడా దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. అంతే.

ధోలావీరా ఊరు రణ్ మధ్యలో, ఖదీర్ అనే దీవి మీద ఉంది. తవ్విన దిబ్బను ఊళ్ళోవాళ్ళు కోటడా అంటారు. 1960ల్లో జగత్‌పతి జోషి దీన్ని వెలుగులోకి తెచ్చాడు. 1990 నుంచి పదిహేనేళ్ళ పాటు ఆర్.ఎస్. బిష్ట్ బృందం తవ్వింది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ప్రహరీ లోపలే దాదాపు 47 హెక్టార్లు. క్రీ.పూ. 3000 నుంచి 1500 దాకా, మధ్యలో వదిలేస్తూ మళ్ళీ వస్తూ, జనం ఉన్నారు.

ఇక్కడ గైడు లేకుండా లోపలికి వెళ్ళకండి. మేం మొదటి సాయంత్రం సొంతంగా తిరిగాం. గంటన్నరలో అయిపోయింది, రాళ్ళు తప్ప ఏమీ గుర్తులేదు. మర్నాడు ఊళ్ళోని ఒకాయన వచ్చాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ తవ్వకాల్లోనే మట్టి తట్టలు మోశాడట. ఆయన హిందీ, మా బాబాయి తెలుగు, మధ్యలో నేను. కాసేపటికి నా అవసరం లేకపోయింది. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

చాలామంది కోట ఎక్కి, ఉత్తర ద్వారం దగ్గర సింధు లిపిలో పది అక్షరాల పలక దొరికిన గది చూసి, తూర్పు జలాశయం దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఆ జలాశయం చూడాల్సిందే, కాదనను. సుమారు 73 మీటర్ల పొడవు, పది మీటర్ల లోతు. మన్సర్, మన్హర్ అనే రెండు వానాకాలపు వాగులను కట్టేసి, తాగునీరు దొరకని ఉప్పు నేలలో ఊరు నిలబెట్టారు. కానీ అక్కడితో ఆగితే రాజుగారి సొమ్ము చూసి వచ్చినట్టే. కోట దిగి, 283 మీటర్ల పొడవున్న మైదానం దాటితే నడిమి ఊరు. అటువైపు మాతో ఎవరూ రాలేదు.

అక్కడ వీధులు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి. రాతి పునాదులు, పైన ఒకప్పుడు పచ్చి ఇటుక. ఒక గుమ్మం దగ్గర గైడు ఆగి, గడప మూలలో గిన్నెంత గుంట చూపించాడు. అంచులు గాజులా నునుపు. బాబాయి గొంతుక్కూర్చుని అందులో బొటనవేలు పెట్టి తిప్పాడు. "తలుపు తిరిగిన చోటురా. బందులు లేవుగా అప్పుడు. మా అమ్మమ్మ ఇంటి తలుపూ ఇంతే, కింద రాయిలో తిరిగేది. నూనె చుక్క వేయకపోతే ఊరంతా వినపడేది." తర్వాత ఇంటి లోపలికి నడిచి, వీధి తలుపుకి ఎదురుగా గోడ ఎందుకు కట్టారో తనే చెప్పాడు, దారిన పోయేవాడికి పొయ్యి కనపడకుండా అని. నిజమో కాదో నాకు తెలీదు. నాకు ఆ ఇంట్లో మొదటిసారి మనిషి కనిపించాడు.

ఇంకోచోట గైడు వంపు తిరిగిన రాళ్ళ వరస చూపించాడు. ఇది చివరి దశ ఇల్లు అన్నాడు. తవ్వకాల లెక్కలో ధోలావీరాది ఏడు దశల కథ. ఊరు పాడుబడ్డాక ఆఖరి దశలో వచ్చినవాళ్ళు నలుచదరపు ఇళ్ళు మానేసి గుండ్రటి గుడిసెలు వేసుకున్నారు. అచ్చం భూంగాలనే ఇప్పటి కచ్ గుండ్రటి ఇళ్ళలా. బాబాయి అడుగులతో కొలిచాడు. అటు ఆరు, ఇటు ఆరు.

బస విషయానికొస్తే, సీజన్లో వేసే టెంట్లు, గుండ్రటి గదుల రిసార్టులు, ఊళ్ళో ఇళ్ళు, ఈ మూడే. మొదటి రాత్రి రిసార్టులో ఉన్నాం. చూడ్డానికి భూంగా, లోపల సిమెంటు, గోడకు అద్దాల పని స్టిక్కర్లు. వేడినీళ్ళు రాత్రి ఎనిమిదికే అయిపోయాయి. "తవ్వకాలకు నడిచే దూరం" అని రాసుకున్నారు. నడవొచ్చు, మా బాబాయి మోకాళ్ళు కాకుండా ఇంకెవరివైనా అయితే. రెండో రాత్రి ఊళ్ళో ఒకరింట్లో. మట్టి గోడ, గడ్డి కప్పు, మధ్యలో దూలం. బాత్రూం బయట, జనవరి చలిలో అది చిన్న కష్టం కాదు. కానీ సజ్జ రొట్టె, వెన్న, మజ్జిగ, గది లోపల వెచ్చదనం చూసుకుంటే ఆ ఇంటికే నా ఓటు. చంటిపిల్లలుంటే మాత్రం రిసార్టే నయం.

భూకంపంలో ఏమైందని ఆ ఇంటాయన్ని అడిగాడు బాబాయి. పక్క చదరపు ఇల్లు కూలిందట, భూంగాకు పగుళ్ళు మాత్రం వచ్చాయట. భూకంపాల ఇంజనీర్లు కూడా అదే గమనించారు. గుండ్రటి గోడకు బలహీనమైన మూల ఉండదు, తోపుడు చుట్టూ పంచుకుంటుంది. ధోలావీరాలోనూ భూకంపాల దెబ్బలు తగిలిన గుర్తులు తవ్వకాల్లో దొరికాయి.

పొద్దున శిలాజాల పార్కు కూడా చూశాం. రాయైపోయిన చెట్టు మానులు, ఎదురుగా తెల్లటి రణ్. అరగంట చాలు.

బయల్దేరేటప్పుడు సామాను కారులో పెట్టి చూస్తే బాబాయి లేడు. లోపల మంచం పక్కకి జరిపి, గది అడుగులతో కొలుస్తున్నాడు. ఇంటాయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు. అటు ఆరు. ఇటు ఆరున్నర. "ఆ అర అడుగూ నా మోకాలిది, రాయొద్దు" అన్నాడు.