పాత్రల గుణాల వర్క్‌షీట్ ప్యాక్ కొనేముందు ఇది చదవండి

కథల్లో పాత్రల స్వభావం చెప్పడానికి టీచర్లందరూ షేర్ చేసుకుంటున్న ఆ డౌన్‌లోడ్ ప్యాక్ నేనూ కొన్నాను. అరవై పేజీలు, జవాబులతో సహా. మీలో ఎవరైనా కొనే ఆలోచనలో ఉంటే దయచేసి ఆగండి.

శాంపిల్‌గా చూపించిన మూడు పేజీలు నిజంగా బాగున్నాయి. పాత్ర ఏం చేసింది, ఏమంది, ఏమనుకుంది, దాన్నిబట్టి ఎలాంటి మనిషి, కథలో ఏ వాక్యం చూసి చెప్పావు, ఇలా గళ్లు. ఎవరి గురించి అడిగినా "మంచివాడు" "చెడ్డవాడు" దగ్గరే ఆగిపోయే పిల్లల్ని ముందుకు నడిపించాలంటే కావాల్సింది అదే. కొన్నాక చూస్తే మిగతా పేజీల్లో ఆ గళ్లే లేవు. ఒక బొమ్మ, కింద నాలుగు మాటలు, ఒకదానికి సున్నా చుట్టాలి, అంతే. జవాబుల్లో "ఆకలి", "పొడుగు జడ" కూడా గుణాలేనట!

అన్నీ ముందే తిప్పి చూడాల్సింది, నాది తప్పే. రాత్రి ప్రింట్ తీసి పొద్దున్నే క్లాసులో పంచేశాను. ఒక కథలో పాప తన బొమ్మ విరిగిందని ఏడుస్తుంది, కానీ విరగ్గొట్టిన తమ్ముణ్ణి అమ్మ కొట్టబోతే తన వెనక దాచుకుంటుంది. జవాబు "ఏడుపు" అని ఉంది. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "టీచర్, ఏడుపు కాసేపటికి పోతుంది కదా, తమ్ముణ్ణి దాచింది, అది రాయకూడదా?" అంది. ఎనిమిదేళ్ల పిల్ల. అప్పటికి కలిగిన బాధ వేరు, మనిషి స్వభావం వేరు అని నేను చెప్పాల్సిన పాఠం తనే చెప్పింది, నా చేతిలో కాగితమేమో అది తప్పంటోంది. అప్పటికే సగం మంది "ఏడుపు"కి సున్నా చుట్టేశారు, అందరి చేతా చెరిపించాను.

అమ్మినవాళ్లకు పేజీ నంబర్లతో సహా మర్యాదగానే మెసేజ్ పెట్టాను. "చిన్నపిల్లలే కదా మేడమ్, వాళ్లకేం తెలుస్తుంది, సర్దుకోండి" అని జవాబు. ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో తిరుగుతోంది. పిల్లల కోసం పాఠాలు తయారుచేసేవాళ్లు అనే మాటేనా ఇది? మళ్లీ అడిగితే బ్లాక్ చేశారు. డౌన్‌లోడ్ అయ్యాక రిఫండ్ లేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు.

ఎక్కడ కొన్నా జవాబుల పేజీ ఒక్కటైనా చూపించమని అడగండి. కథలోంచి ఆధారం రాయడానికి చోటు లేకపోతే వదిలేయండి.

రేపు బోర్డు మీద రెండు గళ్లు గీసి అదే కథ మళ్లీ చెప్తాను. ఒకదాంట్లో "అప్పుడు ఎలా ఉంది", ఇంకోదాంట్లో "ఎలాంటి పిల్ల". రెండో గడి ఆ అమ్మాయి చేతే రాయిస్తాను.