క్లేర్ నుంచి ఐరిష్ ఫిడేలు క్లాసులు: కర్ణాటక చేతికి డబ్బుకి తగ్గ పనేనా?

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. వయొలిన్ ఇప్పటికే వచ్చి, ఐరిష్ ట్యూన్లు వాయిస్తూ "స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, అయినా అక్కడి వాళ్ల వాయింపులా ఎందుకు లేదు?" అని తల పట్టుకున్నవాళ్లకి ఈ క్లాసులు బాగా పనికొస్తాయి. బో, అంటే వయొలిన్ కమాను, పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలనుకునేవాళ్లకి వద్దు. గంటకి 35 యూరోలు, అంటే మన డబ్బుల్లో మూడు వేల పైన పోసి బో పట్టడం నేర్చుకోనక్కర్లేదు. ఆ పని హైదరాబాద్‌లోనే మంచి మాస్టార్లు శుభ్రంగా చేస్తారు.

టీచరుగారి పేరు రాయడం లేదు. ఐర్లాండ్‌లో క్లేర్ జిల్లా వారు, వీడియో కాల్‌లో ఒక్కొక్కరికే విడిగా చెబుతారు. శిష్యులు ఎక్కువైతే తట్టుకోలేనని, పేరు బయటపెట్టొద్దని కోరారు. నిజంగా నేర్చుకోవాలనుంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆవిడని అడిగి కలుపుతాను.

ఇక నేనెవరంటే, రాంకోఠిలోని త్యాగరాజ సంగీత కళాశాలలో కర్ణాటక వయొలిన్ డిప్లొమా చేసి, బ్యాంకు ఉద్యోగంలో పడ్డ మనిషిని. పద్మారావునగర్‌లో ఉంటాం. ఆదివారాలు అపార్ట్‌మెంట్ పిల్లలకి సరళీ, జంట స్వరాలు చెబుతుంటాను. నాకు ఈ ఐరిష్ పిచ్చేమిటని ఇంట్లో అందరూ అడిగారు. మూలం మన దగ్గరే ఉంది. ముత్తుస్వామి దీక్షితర్ నొట్టుస్వరాల్లో, అంటే పాశ్చాత్య ట్యూన్ల బాణీలో కట్టిన చిన్న పాటల్లో, 'వందే మీనాక్షి' ఉంది కదా, అది 'రేక్స్ ఆఫ్ మాలో' అనే ఐరిష్ ట్యూన్ మీద కట్టిందే. మాలో అనేది కార్క్ జిల్లాలో ఒక ఊరు. మద్రాసులో యూరోపియన్ల వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితర్ ఆయన తమ్ముడే. అంటే పరికిణీ కట్టుకునే రోజుల్లోనే నాకు ఒక ఐరిష్ ట్యూన్ వచ్చు, అది ఐరిష్ అని ఎవరూ చెప్పలేదంతే.

ఈ క్లాసుల కంటే ముందు ఒక వీడియో కోర్సు కొన్నాను. కట్ అంటే ఇది, రోల్ అంటే ఇది, ట్రెబుల్ అంటే ఇది అని ఐరిష్ వాయింపులో స్వరాలకి వేసే అలంకారాలు వరసపెట్టి చూపించి, నొటేషన్ మీద ఎక్కడెక్కడ ఏది వేయాలో గుర్తులు పెట్టిచ్చారు. గుర్తు ఉన్నచోటల్లా ఠంచనుగా వేస్తే వచ్చింది టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ చప్పుడు. డబ్బు వాపసు అడిగితే జవాబు లేదు. ఆ కోపంలో మనిషి ఎదురుగా కూర్చుని చెప్పే క్లాసు కావాలనుకున్నాను.

మొదటి క్లాసు కోసం ఏర్పాట్లే పెద్ద పనయ్యాయి. మన వయొలిన్ స-ప-స-ప శ్రుతి, వాళ్ల నాలుగు తీగలకి పాశ్చాత్య స్వరాల పేర్లతో జి-డి-ఎ-ఇ. ఒకే వాయిద్యం మీద రోజూ తీగలు బిగించీ సడలించీ చేస్తే అవి తెగడం ఖాయం. అటకమీద ఉన్న చైనా వయొలిన్‌ని దీనికి కేటాయించి, సికింద్రాబాద్‌లో రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. తీగల కింద వేలు పెట్టి చూసి, "బ్రిడ్జి జర ఎత్తుందమ్మా, అరగదీస్తే సాఫీగ వస్తది" అన్నాడు. బ్రిడ్జి అంటే తీగలని ఎత్తి పట్టే చెక్కముక్క. అన్నట్టే వచ్చింది. వేలు తీగని అలా తాకి ఇలా వదలాల్సిన ఈ వాయింపుకి తీగ ఎత్తుగా ఉంటే ఎడమ చెయ్యి నిజంగా అలిసిపోతుంది. ఎలా కూర్చోవాలన్నది నా ఇంకో టెన్షన్. నిలబడి గడ్డం కింద పెట్టుకోమంటారేమో అనుకున్నాను. నేల మీద బాసీపట్టు వేసుకుని, వయొలిన్ తల కాలి మీద ఆనించి చూపిస్తే ఆవిడ హాయిగా నవ్వి, అలాగే వాయించమన్నారు. వాళ్ల పాతతరం ఫిడేలు వాళ్లలో ఛాతీకి ఆనించి వాయించినవాళ్లూ ఉన్నారట.

ఇక అసలు పాఠం. మొదలుపెట్టింది 'ది కెష్ జిగ్' తో. జిగ్ అంటే ఒక రకం నాట్యపు ట్యూను, తాళం 6/8, మన లెక్కలో తిశ్ర నడకలో రెండు దెబ్బలు. ట్యూను రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (బార్ అంటే ఆ రెండు దెబ్బల చిన్న ఆవర్తం), ప్రతి భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లకి ఒక చుట్టు. మొదటి క్లాసుల్లో అలంకారాల ఊసే లేదు. ట్యూన్‌ని నోటితో పాడమన్నారు, అర్థం లేని అక్షరాలతో, డిడిల్‌డీ డిడిల్‌డీ అంటూ. వాళ్లు దాన్ని లిల్టింగ్ అంటారు. తర్వాత వయొలిన్ మీద బోడిగా వాయించమన్నారు. నిడివి ఉన్న ప్రతి స్వరం మీదా నా వేలు దానంతటది ఊగుతోంది. ఇన్నేళ్ల కంపితం, అంటే స్వరాన్ని ఊపే గమకం, ఎక్కడికి పోతుంది? ఆవిడ తిట్టలేదు. "అందంగా ఉంది, కానీ నాట్యం చేసేవాళ్లు ఆగిపోయి నిన్ను చూస్తారు" అన్నారు. ఇవి ముందు నాట్యానికి వాయించే ట్యూన్లు, ఆ తర్వాతే వినడానికి.

కట్ దగ్గర అసలు తేడా తెలిసింది. ఒకే స్వరం రెండుసార్లు, బో మార్చకుండా వాయించాలి. రెండోది విడిగా వినపడాలంటే మధ్యలో పై వేలితో తీగని ఒక్కసారి తాకాలి. నొక్కకూడదు, పలక దాకా దించకూడదు. మొదటి వేలి స్వరానికి మూడో వేలితో, మూడో వేలి స్వరానికి చిటికెన వేలితో. మనకి జంట స్వరాల్లో స్ఫురితం ఉంది కాబట్టి సులువే అనుకుంటాం. ససరిరి వాయించేటప్పుడు రెండో స్వరాన్ని కింది స్వరం నుంచి ఎత్తి బరువిస్తాం, ఆ కింది స్వరం చెవికి అందుతుంది, అందాలి కూడా. కట్‌లో తాకిన స్వరమేమిటో వినేవాళ్లకి తెలియనే కూడదు. 'టిక్' మన్న విరుపు మాత్రమే వినిపించాలి, అదీ సరిగ్గా దెబ్బ మీద. "నువ్వు స్వరం వాయిస్తున్నావు, నాకు స్వరం వద్దు" అని ఎన్నిసార్లన్నారో. మన గమకం రాగానికి సేవ చేస్తుంది, వీళ్ల అలంకారం నడకకి సేవ చేస్తుంది. ఇది నాకు పుస్తకాల్లో చదివితే ఎక్కేది కాదు.

తర్వాత రోల్. కెష్ జిగ్ మొదటి బార్‌లోనే 'జి' స్వరం మూడు మాత్రలు నిలుస్తుంది, రోల్‌కి సరైన చోటు. డి తీగ మీద మూడో వేలు జి. ఒకే బోలో జి, చిటికెన వేలి తాకిడి, మళ్లీ జి, మూడో వేలు ఒక్క క్షణం ఎత్తితే కింద ఎఫ్ షార్ప్ మెరుస్తుంది, మళ్లీ జి. కాగితం మీద అయిదు స్వరాలు. ఆ అయిదింటినీ సమానంగా పరిస్తే రోల్ చచ్చిపోతుంది. నిలబడాల్సింది మూడు జిలు, మిగతా రెండూ వాటిని విడగొట్టే విరుపులు. చప్పట్లు తిశ్రంలో వేస్తూ, నన్ను ముందు మూడు విడి స్వరాలుగా వాయించమని, తర్వాత ఒక విరుపు, తర్వాత రెండో విరుపు కలిపించారు. మాది ఎక్కువగా మొదటి రెండు వేళ్ల మీద జారే బాణీ, చిటికెన వేలికి పని తక్కువ. అది గ్రహించి ఆవిడ వారం పాటు జిని పక్కన పెట్టించి బి, ఇ స్వరాల మీద రోల్స్ ఇచ్చారు. అక్కడ మొదటి వేలు స్వరం, మూడో వేలు తాకిడి, కిందది ఖాళీ తీగ. ముందే తయారుచేసిన కోర్సులో ఇలా నా చెయ్యి చూసి వరస మార్చేదెవరు?

ఆ రోజుల్లో పక్క గదిలోంచి మా అత్తగారు, "ఏమ్మా, వయొలిన్‌కి ఎక్కిళ్లు పట్టుకున్నాయా? కాసిన్ని మంచినీళ్లు తాగించు" అన్నారు. క్లాసులో చెబితే టీచరుగారు, "మీ అత్తగారి చెవి మంచిది, ఇంకా నీ రోల్ కుదుటపడలేదు" అన్నారు.

రెండో బార్‌లో ఇంకో చిక్కు. అక్కడ మూడు మాత్రలు నిలిచేది 'ఎ', అది ఖాళీ తీగ. ఎత్తడానికి వేలే లేదు, మామూలు రోల్ కుదరదు. ఆవిడ మూడు దారులు చూపించారు. డి తీగ మీద చిటికెన వేలితో ఎ పట్టుకోవడం ఒకటి. ఎ-జి-ఎ అని స్వరాలనే మార్చి వాయించడం ఒకటి. ఇంకోటి ట్రెబుల్, అంటే ఎడమ చేతికి పనిలేకుండా కుడి మణికట్టుతో బోని అంగుళం లోపలే కిందికీ పైకీ కిందికీ చకచకా కదపడం. ట్రెబుల్ నా చెవికి పెద్ద పరీక్ష. తీగ గరగరమనాలి. నాదం శుభ్రంగా రాకపోతే మొట్టికాయలు తిన్న బాల్యం నాది, గరగర కావాలని అడిగే గురువు దొరికారు.

ఐర్లాండ్‌లో ఒక్కో జిల్లాది ఒక్కో బాణీ. డోనెగల్ జిల్లా వాళ్ల వాయింపులో ఈ ట్రెబుల్స్ దండిగా ఉంటాయి. అక్కడి ఫిడేలు వాళ్లు టామీ పీపుల్స్, జాన్ డోహర్టీ రికార్డింగులు వినమన్నారు. స్లైగో వాళ్లకి మైకేల్ కోల్‌మన్. ఆయన 1891లో స్లైగో జిల్లాలో పుట్టి అమెరికా వెళ్లి, 1920లలో న్యూయార్క్‌లో ఇచ్చిన రికార్డుల వల్ల ఆ బాణీ ఐర్లాండ్ అంతా పాకింది. యూట్యూబ్‌లో వేగం సగానికి తగ్గించి వింటే ఆయన రోల్స్ ఒక్కోటీ విడివిడిగా దొరుకుతాయి. తూర్పు క్లేర్ వాయింపుకి మార్టిన్ హేస్. వేగం తక్కువ, స్వరానికి స్వరానికి మధ్య ఊపిరి ఎక్కువ. మన చెవికి ముందు ఎక్కేది ఇదే, నా మాట నమ్మండి.

నాకు అన్నిటికంటే విలువైనది చివరి భాగం, ఎక్కడ వేయాలి, ఎప్పుడు మానాలి అన్నది. హోంవర్క్ ఇలా ఉండేది: ట్యూన్‌ని మూడు చుట్లు వాయించి రికార్డు చేసి పంపాలి. ఏ రెండు చుట్లూ ఒకేలా ఉండకూడదు. నేను కీర్తన సంగతుల్లాగా పేర్చాను, మొదటి చుట్టు సాదా, రెండోది కాస్త, మూడోది నిండుగా. ఆవిడ విని, "నువ్వు మెట్లెక్కుతున్నావు. ఇక్కడ మెట్లు లేవు" అన్నారు. సంగతి అంటే ముందున్న దాన్ని పెంచుకుంటూ పోయేది. వీళ్లు మొదటి చుట్టులో రోల్ వేసినచోట రెండో చుట్టులో బోడి స్వరం నిలబెట్టి, వినేవాడు ఎదురుచూసినది ఇవ్వకుండా ముందుకెళ్లిపోతారు. అది అలంకారంగానే లెక్క. మెట్లెక్కే అలవాటు నాకింకా పూర్తిగా పోలేదు, పోవాలని పెద్దగా కోరికా లేదు.

ఇప్పుడు ఇబ్బందులు. ఆవిడ నొటేషన్ ఇవ్వరు. అంతా విని నేర్చుకోవాల్సిందే. షికాగో పోలీస్ చీఫ్‌గా చేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 ట్యూన్లతో వేసిన పుస్తకం తిరగేసినా రోల్ ఎక్కడ వేయాలో ఉండదు. ఆ మరుసటి ఏడే మన సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వేసి స్వరం నెత్తిన గమకం గుర్తులు పెట్టారు. అలా గుర్తులతో పెరిగినవాళ్లకి ఈ పద్ధతి మొదట్లో చిరాకు తెప్పిస్తుంది. నేను స్వరాలు నా నోట్‌బుక్కులో సరిగమల్లో రాసుకున్నాను, ఆవిడకి అభ్యంతరం లేదు.

వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఒకరు వాయిస్తే ఒకరు వినాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ యాప్‌లలో పక్క చప్పుళ్లు తీసేసే సెట్టింగు ఒకటుంటుంది. అది కట్‌నీ ట్రెబుల్‌నీ కూడా చప్పుడే అనుకుని మింగేస్తుంది. క్లాసుకి ముందే దాన్ని ఆఫ్ చేసుకోండి. లేకపోతే మీరు వేసిన అలంకారాలు అవతలి వాళ్లకి చేరవు, గంట వృథా. డబ్బు కట్టడానికి యూపీఐ లేదు, కార్డు మీద విదేశీ లావాదేవీ చార్జీలు పడతాయి. బ్యాంకు మనిషిని కాబట్టి చెబుతున్నాను, నెల మొత్తానికి ఒకేసారి కట్టేయండి, ప్రతిసారీ రసీదులు చూసుకునే బాధ తప్పుతుంది. ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకుండా మానేస్తే ఫీజు పోతుంది. డోనెగల్ బాణీ లోతుగా కావాలంటే ఆవిడ చెప్పరు, "అది నా ఊరిది కాదు" అంటారు. నాకది నచ్చింది గానీ, అదే కావాల్సినవాళ్లకి నిరాశే.

టైము సంగతి. నా క్లాసు రాత్రి తొమ్మిదిన్నరకి, వాళ్లకి సాయంత్రం అయిదు. అక్టోబర్ చివర వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే మనకి అది పదిన్నర అయిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఆ వేళకి వాయించాలంటే బ్రిడ్జి మీద చప్పుడు తగ్గించే రబ్బరు మ్యూట్ తప్పనిసరి, కానీ మ్యూట్ పెడితే ట్రెబుల్ గరగర సగం పోతుంది. అందుకని చలికాలంలో శనివారం మధ్యాహ్నం స్లాటు అడగండి, ఇస్తారు. జూలై మొదట్లో మాత్రం అడిగి లాభం లేదు. 1973 నుంచి క్లేర్‌లోని మిల్‌టౌన్ మాల్‌బేలో ఏటా ఆ రోజుల్లో విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ అనే ఐరిష్ సంప్రదాయ సంగీత శిబిరం జరుగుతుంది, ఆవిడ అక్కడే ఉంటారు, ఫోన్ కూడా ఎత్తరు.